చాప కింద ఇద్దరు

సకరయా అనే ఫిజీవాడు ఆపియా సిటీ బస్సులో చచ్చిపోయిన సంగతి, ఆ బస్సులో ఉన్న ఎవరికీ తెలియలేదు.

ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆపియా బస్సుల్లో సీట్లు నిండిపోతే నిలబడరు, కూర్చున్నవాళ్ళ ఒళ్ళో కూర్చుంటారు. ఎయిర్‌పోర్టు రోడ్డులో ఎక్కిన ఒకావిడ చేమదుంపల బుట్టతో సహా సకరయా ఒళ్ళో కూర్చుని, మార్కెట్ దాకా హాయిగా ప్రయాణం చేసింది. పాటలు చెవులు పగిలేలా మోగుతున్నాయి. చివరి స్టాపులో ఆవిడ లేచి "థాంక్స్ బాబూ" అంది. బాబు పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు ఒకటి, దోమ కుట్టినంత ఉంది.

సకరయా ఫిజీ సీక్రెట్ సర్వీసు కొరియర్. సమోవా సీక్రెట్ సర్వీసుకి ఒక కబురు తెస్తున్నాడు. కాగితం మీద కాదు, బుర్రలో. అది ఇప్పుడు బుర్రతో పాటే ఆస్పత్రి ఐసుగదిలో ఉంది.

సమోవా సీక్రెట్ సర్వీసు ఆఫీసు బేకరీ పై అంతస్తులో ఉంది. అది ఎంత సీక్రెట్ అంటే, కండక్టర్లు "బేకరీ, సీక్రెట్ ఆఫీసు, దిగేవాళ్ళెవరండీ" అని అరుస్తారు. చీఫ్ ఎటువాలే తన బావమరిది ఆక్లాండ్ నుంచి పంపిన టై కట్టుకుని, బుట్ట ఆవిణ్ణి ఇంటరాగేట్ చేస్తున్నాడు. పక్కనే ఏజెంట్ పెసమినో నిలబడి ఉన్నాడు. కోడ్‌నేమ్ కొబ్బరి-మూడు. లోకం దృష్టిలో అతను ఎండుకొబ్బరి ఇన్‌స్పెక్టరు. నలభై దాటినవాడు, కొంచెం పొట్ట, బాగా ఇస్త్రీ చేసిన లావలావా లుంగీ.

"మీరు కూర్చున్నంతసేపూ ఆయన ఏమీ అనలేదా?" అడిగాడు ఎటువాలే.

"ఏమంటాడు? మర్యాదస్తుడు అనుకున్నా. మా ఆయన కూడా నా పక్కన అంత బుద్ధిగా ఎప్పుడూ కూర్చోలేదు."

"కూర్చోకముందు?"

"'చాప' అన్నాడు."

"ఏ చాప?"

"నేనెందుకు అడుగుతానయ్యా? మనూరు వస్తున్నాడు, చుట్టాలకి తెచ్చిన చాప విమానంలో మర్చిపోయుంటాడు. మొహం అలాగే పాలిపోయి ఉంది. చాప మర్చిపోయి చుట్టాలింటికి వెళ్ళాల్సొస్తే నేనైనా చచ్చిపోతాను."

ఆవిడ బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. ఎటువాలే తలుపు వేసి, కింద బేకరీవాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"గురువారం చేపల ఒప్పందం. మనం, టోంగా, ఫిజీ, టువాలు, కిరిబాటి. అయిదు దేశాలూ కలిసి సంతకం పెడితే, పెద్ద దేశాల ట్రాలర్లు మన సముద్రంలో వల వెయ్యలేవు. సంతకం ఎక్కడ?"

"సాలెలూపే ఊళ్ళో. సువామాలియే పెద్దాయన ఇంట్లో."

"ఆయన ఊరు దాటి రాడు. ఆయన లేకపోతే టోంగావాడు ఫిజీవాణ్ణి నమ్మడు, ఫిజీవాడు టోంగావాణ్ణి నమ్మడు, మిగతావాళ్ళు మనల్ని నమ్మరు. అంచేత టార్గెట్ ఆయనే. హాల్‌బెర్గ్ సంగతి తెలుసుగా?"

తెలియనివాళ్ళు లేరు. చేపల డబ్బాలు అమ్ముకునే మనిషి, ఎక్కడో ఉత్తరాన ఉన్న దేశానికి ఇక్కడ కాన్సులు. ముఠా నాయకుడు ఆయనేనని ఊరంతటికీ తెలుసు. కానీ కాన్సులు కార్డు ఉన్నంతకాలం ఆయన ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదు. క్రిస్మస్‌కి ఎటువాలే ఇంటికి కూడా ఒక డబ్బాల పెట్టె వస్తుంది. ఎటువాలే తీసుకుంటాడు. దేశభద్రత వేరు, పండగ వేరు.

"పోయిన నెల పెద్దాయన మనవణ్ణి లారీ గుద్దేసి పోయింది. లారీ దొరకలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలీదు. నువ్వు లూపెసినాని కలువు."

ఆ తర్వాత పెసమినో వంక చూడకుండా అన్నాడు. "సాలెలూపే అంటే నీకు ఇబ్బందైతే ఇంకొకణ్ణి పంపుతా."

"ఇంకొకడు ఎవరున్నాడు సార్?"

"ఎవరూ లేరు. మర్యాదకి అడిగా."

*

హార్బర్ హోటల్లో లూపెసినా పాట అయిపోయి బారు దగ్గరికి వచ్చింది. జుట్టులో ఎర్ర మందారం, వెండిరంగు గౌను, మగాళ్ళు బిల్లు చూసుకోకుండా కట్టేసేంత నవ్వు. ఆమెది పాగో పాగో, అంటే తూర్పున అమెరికా ఏలుబడిలో ఉన్న సమోవా. ఎటువాలే దగ్గర జీతం తీసుకుంటుంది. హాల్‌బెర్గ్ దగ్గర కూడా తీసుకుంటుంది. రెండు వైపులవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. ఎవరికి వాళ్ళు ఆమె తమ మనిషేనని నమ్మకం.

"మీ అమ్మమ్మగారి ఫ్రిజ్ ఇంకా హాల్లోనే ఉందా?" అంది. అది కోడ్.

"వంటింట్లో పెడితే ఎవరికి కనపడుతుంది?" అన్నాడు పెసమినో. అది జవాబు.

"కూర్చో కొబ్బరి ఇన్‌స్పెక్టరూ. పొట్ట పెరిగింది."

"కవర్."

"బాగా కుదిరింది." ఆమె గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ పెదవులు కదపకుండా చెప్పింది. "సముద్రం వైపు నుంచి. సంతకం టైముకి పగడాల దిబ్బ అవతల బోటు. ఈతగాళ్ళు. మీ లాంచీలన్నీ అక్కడ పెట్టుకోండి."

"సకరయా 'చాప' అన్నాడు."

ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. "ఫిజీవాళ్ళకి ఎప్పుడూ చాపల గోలే. మీకూ అంతేలే. ఎవరొచ్చినా చాప పరుస్తారు. మీ వైపు అతిథి మర్యాద ఎక్కువ. ఎవడు తట్టినా తలుపు తీస్తారు."

ఆ మాట ఎక్కడికి వెళ్తుందో ఈ దీవుల్లో అందరికీ తెలుసు.

పంతొమ్మిదివందల పద్దెనిమిదిలో, నవంబరు నెలలో, ఆక్లాండ్ నుంచి ఒక ఓడ జ్వరాన్ని మోసుకుని వచ్చింది. ఆపియా రేవులో దొరలు దాన్ని రానిచ్చారు. పాగో పాగోలో దొర రేవు మూయించేశాడు. మధ్యలో ఉన్నది ఒక రాత్రి పడవ ప్రయాణం అంత సముద్రం. పడమటి వైపు అయిదుగురిలో ఒకరు పోయారు. తూర్పు వైపు ఎవరూ పోలేదు. ఆ తర్వాత రెండు వైపులవాళ్ళూ పెళ్ళిళ్ళకి పిలుచుకుంటూనే ఉన్నారు, అప్పులు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. నవంబరు గురించి మాత్రం మాట్లాడుకోరు.

పెసమినో ఇంట్లో అసలే మాట్లాడరు. అతని తాత ఫిలెమొనీ సాలెలూపే పడవవాడు. ఆ ఓడలోంచి దిగిన ఊరివాళ్ళని తన పడవ ఎక్కించుకుని, తెడ్లు వేస్తూ, స్వాగతం పాట పాడుకుంటూ ఊరికి తీసుకొచ్చింది అతనే. వారం తిరక్కుండా ఊళ్ళో పాతిపెట్టేవాళ్ళు కరువయ్యారు. ఫిలెమొనీ బతికాడు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అదే అతను భరించలేకపోయాడు. పిల్లల్ని తీసుకుని ఆపియా వచ్చేశాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో అందరూ గుమాస్తాలు. రేడియోలో సాలెలూపే పేరు వస్తే పెసమినో నాన్న సౌండు తగ్గించేవాడు కాదు, పెంచేవాడు, తనకేమీ పట్టనట్టు.

*

బుధవారం సాయంత్రం పెసమినో చర్చి డీకన్ వేషంలో సాలెలూపేలో దిగాడు. తెల్ల కోటు, తెల్ల లావలావా, చంకలో పాటల పుస్తకం. పుస్తకం లోపల వైర్‌లెస్ సెట్టు.

ఊరు అందంగానే ఉంది. అందులో సగం అరుగులే. నల్లరాళ్ళు పేర్చిన ఎత్తైన అరుగులు, వాటి మీద ఇళ్ళు లేవు. ఒక ఇల్లు, రెండు ఉత్త అరుగులు, ఒక ఇల్లు, మళ్ళీ అరుగు. గడ్డి మాత్రం ఎవరో శ్రద్ధగా కోస్తున్నారు. పిల్లలు ఊరంతా ఆడుకుంటున్నారు గానీ వాటి మీదకి ఎక్కడం లేదు. ఎవరూ వద్దన్నట్టు కూడా లేదు.

పెద్దాయన తన ఇంటి ముందు కొబ్బరిపీచుతో తాడు పేనుతున్నాడు. చిన్న మనిషి. కళ్ళు మాత్రం చిన్నవి కావు.

"ఎవరి పిల్లాడివయ్యా?"

"ఆపియా నుంచి వచ్చానండీ. చర్చి తరఫున."

"ఆపియా అనేది తల్లి పేరా, తండ్రి పేరా?"

పెసమినో తల్లి వైపు ఊరి పేరు చెప్పాడు. అబద్ధం కాదు. పెద్దాయన అతని మొహాన్ని కొంచెం ఎక్కువసేపు చూసి, మళ్ళీ తాట్లోకి తల దించుకున్నాడు.

అయిదు దేశాలవాళ్ళూ అప్పటికే దిగారు, తలా ఒక చాపల దొంతరతో. సన్నగా నేసిన నాణ్యమైన చాపలు, పెళ్ళికైనా చావుకైనా ఒప్పందానికైనా ఇవే ఇచ్చుకుంటారు. చాప అన్నాడు సకరయా. కనక పెసమినో, తడిసిపోకుండా సర్దుతానని చెప్పి, ఒక్కొక్క చాపా మడత విప్పి వెతికాడు. టోంగా ప్రతినిధి చాపలో విస్కీ సీసా దొరికింది. కిరిబాటివాళ్ళ దాంట్లో ఒక పిల్లి నిద్రపోతోంది.

"ఏం వెతుకుతున్నావు డీకన్ గారూ?" అన్నాడు టోంగావాడు, సీసా లాక్కుంటూ. "మా చాపలు మీవాటికన్నా పెద్దవనా?"

"పెద్దవే. కన్నాలు కూడా పెద్దవే," అన్నాడు ఫిజీవాడు పక్కనుంచి.

"మీ తాతలకి చాప నెయ్యడం నేర్పింది మా తాతలేనోయ్."

"అవును, మా ఆడవాళ్ళని ఎత్తుకుపోయాక నేర్పారు. ఆ సీసా ఇటు తే."

రేపు వీళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని సంతకం పెట్టాలి. మధ్యలో ఆ ముసలాయన ఒక్కడే గోడ. పెసమినో మిగిలిన చాపలన్నీ వెతికాడు. ఒక్కదాన్లోనూ ఏమీ లేదు.

*

తెల్లవారేసరికి ఒక చాప ఎక్కువైంది.

పెద్దాయన ఇంటి ముందు పచ్చిక మధ్యలో ఎవరో మోకాళ్ళ మీద కూర్చుని, తల మీంచి నేల దాకా చాప కప్పుకుని ఉన్నారు. చాప అంచున ఎర్ర ఈకలు మంచుకి తడిసి ఉన్నాయి. మనిషి కనపడడు. మొహం లేదు, చెయ్యి లేదు. చాప మాత్రం మెల్లగా ఊపిరి తీస్తోంది.

ఊరు ఊరంతా గొంతులు అణిచేసుకుంది. ఇఫోగా. మనిషిని చంపినవాడు గానీ, అతని ఇంటి పెద్ద గానీ, చచ్చినవాడి గుమ్మం ముందుకొచ్చి ఇలా చాప కప్పుకుని కూర్చుంటాడు. ఇంటాయన బయటికొచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తియ్యకపోతే కూర్చున్నవాడి ప్రాణం ఆ ఇంటివాళ్ళ చేతిలో ఉన్నట్టు. ఆ చాపని ఇంకెవరూ ముట్టుకోకూడదు. పోలీసులు కాదు, పాస్టరు కాదు, మంత్రి కాదు.

"లారీవాడు వచ్చాడు," అని ఒకావిడ గుసగుసలాడింది.

"ఒక్కడే వచ్చాడేంటి పాపం? వెనకాల చుట్టాలెవరూ లేరు."

"ఆపియావాడై ఉంటాడు. చుట్టాలకి సెలవు దొరికి ఉండదు."

పెసమినో చర్చి వెనక్కి వెళ్ళి పాటల పుస్తకం తెరిచాడు.

"కొబ్బరి-మూడు మాట్లాడుతోంది. ఓవర్."

"సముద్రం ప్రశాంతంగా ఉంది," ఎటువాలే గొంతు లాంచీలోంచి నీరసంగా వచ్చింది. "నాకే వాంతులవుతున్నాయి. ఓవర్."

"బోటు ఏమీ రాదు సార్. మనల్ని అటు పంపించారంతే. ఇక్కడ ఇఫోగా జరుగుతోంది. చాప కింద ఎవరున్నారో తెలీదు. సకరయా చెప్పింది ఈ చాప గురించే. ముందు మనవణ్ణి చంపారు. ఎందుకంటే, క్షమాపణ అడగడానికి కారణం ఒకటి కావాలిగా. పెద్దాయన ఒంటరిగా వచ్చి చాప ఎత్తుతాడు. జానెడు దూరం. ఓవర్."

చాలాసేపు అలల చప్పుడు.

"చాప ముట్టుకోకు. ముట్టుకుంటే ఊళ్ళో కత్తులు లేస్తాయి, ఒప్పందం పోతుంది. ఓవర్."

"ఊరుకుంటే పెద్దాయన పోతాడు సార్."

ఇంకా ఎక్కువసేపు అలల చప్పుడు.

"ముట్టుకోకు. కానీ ఏదో ఒకటి చెయ్యి. ఇది లిఖితపూర్వక ఆర్డరు కాదు. ఓవర్ అండ్ ఔట్."

పెసమినో పుస్తకం మూశాడు. చాప ఎత్తే హక్కు పెద్దాయనకొక్కడికే ఉంది. కిందకి దూరే హక్కు మాత్రం ఇంకొకళ్ళకి కూడా ఉంది. తప్పు చేసిన ఇంటివాళ్ళకి. ఆ ఊరికి సంబంధించి అతను ఏ తప్పు చేసిన ఇంటివాడో ఆ సంగతి, కోటు కింద, డీకన్ కింద, కొబ్బరి కింద దాచిపెట్టుకుని వచ్చాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో బయటపడని కవర్ అదొక్కటే.

కోటు విప్పి మడతపెట్టి ఒక అరుగు మీద పెట్టబోయి, ఆగి, గడ్డి మీద పెట్టాడు. పచ్చిక మధ్యలోకి నడిచాడు. ఊరు ఊపిరి బిగపట్టింది.

"నేను ఫిలెమొనీ మనవణ్ణి," అన్నాడు గట్టిగా. "పడవ ఫిలెమొనీ."

వెనక ఎవరో ముసలావిడ "అయ్యో" అంది. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఏ తప్పుకి వచ్చావని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో అది అడగనక్కర్లేదు. అతను వంగి, చాప అంచు ఎత్తి, లోపలికి దూరాడు.

*

లోపల తేనెరంగు వెలుతురు. అల్లిక సందుల్లోంచి పొద్దు సన్నటి గీతలుగా పడుతోంది. ఆ గీతల మధ్యలో మందారం లేని జుట్టు, వెండి లేని గౌను, ఒక చిన్న పిస్తోలు. గొట్టానికి సైలెన్సరు.

"జరుగు," అంది లూపెసినా గుసగుసగా. "నా మోకాలు తొక్కుతున్నావు."

అతను జరగలేదు. జరుగుతున్నట్టు చేసి, చూపుడు వేలిని ట్రిగ్గరు వెనక సందులో దూర్చేశాడు. ఇప్పుడు ట్రిగ్గరు నొక్కాలంటే ముందు అతని ఎముక నొక్కాలి.

"తియ్యి."

"తియ్యను."

"అరుస్తాను."

"అరుచుకో. చాప కింద ఆడగొంతు వింటే, లారీ నడిపింది ఎవరని ఊరే అడుగుతుంది."

ఆమె పళ్ళు కొరికింది. చెయ్యి గుంజింది. చాప కదిలింది. బయట ఎవరో జాలిగా నిట్టూర్చారు, లోపలివాళ్ళు ఏడుస్తున్నారనుకుని.

"ఎంత ఇస్తానన్నాడు హాల్‌బెర్గ్?"

"హవాయిలో ఇల్లు."

"హాలు పెద్దదా?"

"నోర్ముయ్."

ఎండ ఎక్కింది. చాప కింద గాలి ఉడికిపోయింది. ఇఫోగాలో ఇంటాయన వెంటనే రాడు. మధ్యాహ్నం దాకా రాకపోవచ్చు, అసలు రాకపోవచ్చు. ఇద్దరి చేతులూ చెమటకి జారుతున్నాయి. మోకాళ్ళ కింద రాయి గుచ్చుకుంటోంది. కొంతసేపటికి పెసమినోకి ఒక సంగతి అర్థమైంది. చాప కింద ఉన్నది ఇద్దరు. ఊపిరి వినిపిస్తున్నది మాత్రం ఇద్దరిది కాదు. ఎవరో పక్కన ఒదిగి కూర్చున్నట్టు, వాళ్ళ పక్కన ఇంకొకరు, వాళ్ళ ఒళ్ళో ఇంకొకరు, నిండిపోయిన బస్సులా. జ్వరంతో ఆయాసపడుతున్నవాళ్ళ ఊపిరి.

"నీకు వినిపిస్తోందా?" అంది లూపెసినా.

"ఊఁ."

"మీవాళ్ళా?"

"ఊరివాళ్ళు. మా తాత పాడుకుంటూ తీసుకొచ్చినవాళ్ళు."

"మావాళ్ళూ ఉన్నారు," అంది ఆమె. "మీ వైపు నుంచి కూడా పడవలొచ్చాయి, మా రేవుకి. వెనక్కి తిప్పేశారు. ఒక పడవలో మా అమ్మమ్మ చెల్లెలు నిలబడి చెయ్యి ఊపింది. మా అమ్మమ్మ ఒడ్డు మీంచి చూసింది. ఆవిడా చెయ్యి ఊపింది. అంతే. మావాళ్ళంతా బతికారు. అందరూ కులాసా. మా ఇంట్లో సముద్రం వైపు కిటికీ పెట్టరు."

"తలుపు మూసినవాళ్ళకీ నిద్రలేదన్నమాట."

"నువ్వు ఓదార్చకు. వేలు తియ్యి."

"తియ్యను."

అడుగుల చప్పుడు వినిపించింది. వట్టి పాదాలు, పచ్చిక మీద, మెల్లగా. లూపెసినా ఒళ్ళంతా బిగుసుకుంది. గొట్టం పైకి లేచింది. ఎర్ర ఈకలు కదిలాయి. ముడతల చెయ్యి అంచు పట్టుకుంది. వెలుతురు ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చింది, దాని వెనకే ముసలాయన మొహం, వంగి, జానెడు దూరంలో.

ఆమె నొక్కింది.

ఎముక టప్‌మంది. పిస్తోలు మోగలేదు. పెసమినో పెదవి కొరుక్కున్నాడు, రక్తం వచ్చింది గానీ గొంతులోంచి చప్పుడు రాలేదు.

పెద్దాయన పిస్తోలుని చూశాడు. విరిగిన వేలిని చూశాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. ఆయన వీపు వెనక ఊరంతా ఉంది, ఎవరికీ ఏమీ కనపడదు.

చాప వదిలేశాడు. అది మళ్ళీ కిందికి పడింది.

బయట ఊరు మూలిగింది. క్షమించలేదన్నమాట. ఎవరో కత్తి ఒరలోంచి లాగిన చప్పుడైంది.

"ఆగండ్రా," అంది పెద్దాయన గొంతు. "నా నడుం పట్టేసింది. ఎవరూ ముందుకి రావద్దు." తర్వాత చాపకి అటుపక్కనుంచి, చాలా చిన్నగా, వాళ్ళిద్దరికే వినపడేట్టు అన్నాడు. "అమ్మాయీ, నా మనవడి మీదకి లారీ ఎక్కించింది నువ్వా?"

"నడిపింది హాల్‌బెర్గ్ డ్రైవరు. పక్క సీట్లో నేనున్నాను."

"ఆపమన్నావా?"

"లేదు."

ముసలాయన ఊపిరి వినిపించింది. మిగతా ఊపిరులన్నీ ఒక్కసారి ఆగాయి.

"పడవ అబ్బాయీ, నువ్వు?"

"మా తాత తరఫున వచ్చానండీ. ఎందుకొచ్చానో మొదట వేరే కారణం ఉంది. ఇప్పుడు ఇదే."

"మా అమ్మ ఆ పడవలోనే వచ్చింది. మీ తాత పాట బాగా పాడాడని చెప్పింది, పోయే ముందు. ఆ మాట మీ తాతకి చెప్దామని మా నాన్న అనుకున్నాడు. ఆయనా పోయాడు. నేను చిన్నవాణ్ణి. అరవై ఏడేళ్ళు పట్టిందా మీ ఇంట్లోవాళ్ళకి? ఆపియా నుంచి రోజూ బస్సుందే."

పెసమినోకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో అతనికే తెలియలేదు.

"ఆ ఇనపముక్క అక్కడే వదిలేసి లేవండి. చేతులు కనపడేట్టు. ఇద్దరూ. నా చేతులు వణికితే ఊరివాళ్ళు ముసలితనం అనుకుంటారు, మీరు వేరే అనుకోవద్దు."

లూపెసినా పెసమినోని చూసింది. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. పిస్తోలు పచ్చికలో పడింది. పెద్దాయన చాప ఎత్తాడు. ఈసారి పూర్తిగా ఎత్తి, మడతలుగా దగ్గరికి తీసుకుని, పచ్చికలో పడ్డ ఇనపముక్కనీ మడతల్లో కలిపేసుకుని, ఆ బరువుతో సహా, తల మీదకి ఎత్తి కృతజ్ఞత చెప్పాడు. ఆడవాళ్ళు కేకవేసి ఆ చాపని మెచ్చుకున్నారు. ఎంత బరువైన చాప, ఎంత చిక్కటి నేత అని కూడా ఒకరిద్దరు అన్నారు.

తర్వాత ఇద్దరినీ ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. డబ్బా మాంసం, ఉడికించిన చేమదుంప, కొబ్బరిపాలు. లూపెసినా ముందు ఆకు పెట్టింది చచ్చినవాడి తల్లి. ఆవిడకి అంతా తెలుసో లేదో ఎవరికీ తెలియదు. ఆకు పెట్టి ఆమె ఎదురుగానే కూర్చుంది.

"తిను," అంది.

లూపెసినా తినలేకపోయింది. ఆవిడ లేవలేదు. మధ్యాహ్నమంతా ఆ ఇద్దరూ అలాగే కూర్చున్నారు. వాళ్ళ వెనకాల టోంగావాడూ ఫిజీవాడూ ఒకే కలంతో సంతకం పెట్టారు.

*

సాయంత్రం ఎటువాలే లాంచీ దిగాడు, మొహం వాంతులతో పాలిపోయి, టై జేబులో.

"అరెస్టు చెయ్యి దాన్ని."

"కుదరదు సార్. చాప కిందనుంచి లేచింది. ఇప్పుడు ఆమె ఒంటి మీద చెయ్యి పడితే ఊరుకోరు."

"ఎవరు, ఊరివాళ్ళా?"

పెసమినో కట్టుకట్టిన వేలితో ఆ గడ్డి కోసిన అరుగులన్నీ చూపించాడు. "ఆ వైపు వాళ్ళు కూడా."

ఎటువాలే అటు చూశాడు. సంధ్యవేళ. ఆయన మళ్ళీ ఆ వైపు చూడలేదు.

లూపెసినా పోలీసులకి డ్రైవరుని చూపించింది. లారీకి అతనే, సకరయా మెడకీ అతనే. ఆ రాత్రి పడవకే ఆమె పాగో పాగో వెళ్ళిపోయింది. వెళ్ళి సముద్రం వైపు కిటికీ పెట్టించిందని తర్వాత ఎవరో అన్నారు. అది నిజమో కాదో వెళ్ళి చూసినవాళ్ళు లేరు.

హాల్‌బెర్గ్‌ని మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. కాన్సులు. దేశం విడిచి వెళ్ళాలని మర్యాదగా ఒక ఉత్తరం ఇచ్చారు, అంతే. ఆయన వెళ్ళేముందు, ఎప్పుడూ ఊరు దాటని సువామాలియే పెద్దాయన ఎయిర్‌పోర్టుకి వచ్చాడు. వెళ్ళిపోయే అతిథిని ఉత్తచేతులతో పంపకూడదని, చక్కగా మడిచి తాడుతో కుట్టేసిన పాత చాప ఒకటి, స్వయంగా హాల్‌బెర్గ్ చేతుల్లో పెట్టాడు. మ్యూజియంలో పెట్టాల్సిన చాప అని హాల్‌బెర్గ్ మురిసిపోయాడు. ఫొటో దిగాడు. చాపని చంకలోనే పెట్టుకుని, కాన్సులు కార్డు చూపించి, తనిఖీ లేకుండా ఆక్లాండ్ విమానం ఎక్కాడు.

ఆక్లాండ్ కస్టమ్స్‌లో కుట్లు విప్పారు. అక్కడ ఆయన కాన్సులు కాదు. సైలెన్సరుతో పిస్తోలు మోసుకొచ్చిన చేపల వ్యాపారి.

ఆక్లాండ్ నుంచి వచ్చిన టెలెక్సు చదివి ఎటువాలే కుర్చీలో వెనక్కి వాలాడు.

"పెద్దాయన మనకైనా ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

"ఇచ్చే బహుమానంలో ఏముందో ముందే చెప్పడం మర్యాద కాదు సార్," అన్నాడు పెసమినో, విరిగిన వేలు పక్కకి పెట్టుకుని ఎండుకొబ్బరి రిపోర్టు రాసుకుంటూ.